నేర్చుకునే చేతి మొదటి సూది మా వాళ్ళ మెడలోనే దిగాలా? వైద్య విద్య పెద్దలకు బహిరంగ లేఖ

రాష్ట్ర వైద్య విద్య అధికారులకు, ఆరోగ్య విశ్వవిద్యాలయం పెద్దలకు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డాక్టర్లకూ నర్సులకూ పాఠం చెప్పే ప్రొఫెసర్లకు నమస్కారం.

నేను రిటైరైన హెడ్ నర్సుని. ముప్పై ఏళ్ళకు పైగా ఉత్తరాంధ్ర ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేశాను, క్యాజువాల్టీలో, లేబర్ రూమ్‌లో, చివరి తొమ్మిదేళ్ళు డయాలసిస్ యూనిట్‌లో. మాది సోంపేట పక్క ఊరు. ఇప్పుడు రాస్తున్న విషయం మీదే ఇంతకుముందు రెండు అర్జీలు పెట్టాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు, అంతే. రెండోదానికి సంబంధిత విభాగానికి పంపాం అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ఇరవై రోజులకి మీ సమస్య పరిష్కరించబడింది అని ఇంకో మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు, ఏం చేశారు అని అడగడానికి వెళ్తే కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి కూడా తెలియదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను అడిగేది ముందే చెప్పేస్తాను. డాక్టర్ గానీ, నర్సు గానీ, టెక్నీషియన్ గానీ సూది గుచ్చడం, పైపు వెయ్యడం లాంటి ఒక ప్రొసీజర్‌ని జీవితంలో మొదటిసారి చేసేది రోగి ఒంటి మీద కాకూడదు. ముందు మనిషి ఒంటిలా చేసిన బొమ్మ మీద, వర్చువల్ రియాలిటీ (వీఆర్) సిమ్యులేటర్‌లో, అంటే కళ్ళకి పెట్టె తగిలించుకుంటేనో తెర మీదో నిజంలా కనిపించే కంప్యూటర్ నకలులో చెయ్యాలి. అక్కడే పరీక్ష పెట్టాలి. అందులో పాసైన వాళ్ళనే రోగి దగ్గరికి పంపాలి.

ఇంత పట్టుగా ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి.

వాడు జీడితోట, కొబ్బరితోట చేసుకునేవాడు. ఉద్దానంలో ఎంతోమందికి వచ్చినట్టే వాడికీ కిడ్నీలు పోయాయి. 2021లో ఒక రాత్రి ఆయాసం ఎక్కువైపోయి పడుకోలేక కూర్చుండిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఏ ఆసుపత్రో రాయను, ఎవరినీ వీధిలో నిలబెట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అర్జెంటుగా డయాలసిస్ ఎక్కించాలన్నారు. చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి సిరని ధమనితో కలిపే చిన్న ఆపరేషన్, ఇంకా చెయ్యలేదు, కాబట్టి మెడకి కాథెటర్ వెయ్యాలి. మా వైపు జనం మెడకి పైపు వెయ్యడం అంటారు. డ్యూటీలో ఉన్నది మొదటి సంవత్సరం పీజీ కుర్రాడు. సీనియర్ పైన ఐసీయూలో ఇంకో కేసు దగ్గర ఇరుక్కుపోయాడు, నువ్వు మొదలుపెట్టు, నేను వస్తాను అని ఫోన్‌లో చెప్పాడు. అల్ట్రాసౌండ్ మెషిన్ వేరే వార్డులో ఉంది.

ఆ కుర్రాడి చేతికి వేసుకున్న గ్లౌజు ఒక సైజు పెద్దది, వేళ్ళ చివర్లు ముడతలు పడి ఉన్నాయి. ఆకుపచ్చ గుడ్డ తమ్ముడి మొహం మీద కప్పేశారు, మెడ దగ్గర ఒక్క కన్నం మాత్రం ఉంది. గుడ్డ కింద నుంచి తమ్ముడి చెయ్యి బయటికి వచ్చి నా రెండు వేళ్ళు పట్టుకుంది. మొదటి సూదికి ఏమీ రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోసారి ఇంకా లోపలికి వెళ్ళాడు, వాడు నా వేళ్ళు నలిపేశాడు. నాలుగోసారి సిరంజిలోకి రక్తం వచ్చింది, కానీ ఎర్రగా, తనంతట తానే పిస్టన్‌ని వెనక్కి తోసుకుంటూ, గుండె కొట్టుకున్నట్టు ఎగిరెగిరి వచ్చింది. ఐసీయూలో పనిచేసిన ఎవరికైనా తెలుసు, అది సిర కాదు, మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమని. నేను కుర్రాడిని పక్కకి జరిపి గాజ్ గుడ్డ పెట్టి ఇరవై నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకున్నాను. గుడ్డ కింద నుంచి "అప్పా, ఇంకా అవనేదేటి?" అని తమ్ముడు అడుగుతున్నాడు, మా వైపు అక్కని అప్ప అంటారు. మెడ మీద నిమ్మకాయంత వాపు తేలింది. తర్వాత సీనియర్ వచ్చి తొడ నుంచి వేశాడు. తమ్ముడు ఆ రాత్రి బతికాడు, ఇంకో మూడేళ్ళు బతికాడు. కానీ ఆ రోజు నుంచి సూది చూస్తే వణికేవాడు, డయాలసిస్ డేట్లు ఎగ్గొట్టేవాడు, ఎగ్గొట్టి ఎగ్గొట్టి ఆయాసంతో వచ్చేవాడు.

తెల్లవారుజామున టీ బడ్డీ దగ్గర ఆ పీజీ కుర్రాడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మేడమ్, నేను రెండుసార్లు చూశాను, చెయ్యడం ఇదే మొదటిసారి, ఎక్కడా ప్రాక్టీస్ చెయ్యలేదు అని ఏడ్చేశాడు. నాకు వాడి మీద కోపం రాలేదు, ఇప్పటికీ లేదు. నాకు కోపం వచ్చింది ఇంకో విషయానికి. అదే కాంపౌండ్‌లో, వెనక బిల్డింగ్‌లో ఒక గది ఉంది. అందులో మెడ కాథెటర్ ప్రాక్టీస్ చేసే బొమ్మ ఉంది. ఒలిచి కూడా చూడని ప్లాస్టిక్ కవర్లో. ఆ గది తాళం ఒకాయన దగ్గర ఉంటుంది, ఆయన లీవ్‌లో ఉంటే తాళం కూడా లీవ్‌లోనే. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వస్తున్నారంటే మాత్రం మా చేత తుడిపించి, బొమ్మలకు బెడ్‌షీట్లు పరిపించేవారు, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ తాళం. అవన్నీ నా కళ్ళతో చూశాను, ఆ బెడ్‌షీట్లు పరిచిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

నేర్చుకోవడానికి ముందు ఒక నకలు మీద చెయ్యడం మనకేమీ కొత్త కాదు. కుట్టుమిషన్ నేర్చుకునే ఆడపిల్ల చేత ముందు దారం ఎక్కించకుండా కాగితం మీద గీతలు కుట్టిస్తారు, బట్ట తర్వాత. మా నర్సింగ్ స్కూల్లో ఇంజెక్షన్ ముందు బత్తాయి పండు మీద చేయించారు. బండి లైసెన్స్ కావాలంటే ఎనిమిది అంకె వేసి నడిపించి చూస్తారు, తప్పితే మళ్ళీ రమ్మంటారు. మనిషి మెడలో ఇంత పొడవు సూది దించే పనికి మాత్రం అలాంటి పరీక్షే లేకుండా పోయింది. ఒకటి చూడు, ఒకటి చెయ్యి, ఇంకొకడికి నేర్పు అనే పాత పద్ధతిలోనే నడుస్తోంది. ఆ రెండోది, చెయ్యి అనేది, ఎవరి ఒంటి మీదో మీకు నేను చెప్పాలా?

ఇది నా ఒక్కదాని బాధ అనుకోకండి, దీని మీద ప్రపంచంలో చాలా పని జరిగింది, రిటైరయ్యాక కూర్చుని చదువుకున్నాను. 2002లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 16 మంది సర్జరీ రెసిడెంట్లను, అంటే సర్జరీ నేర్చుకుంటున్న డాక్టర్లను తీసుకుని, సగం మందికి వర్చువల్ రియాలిటీ మీద శిక్షణ ఇచ్చారు, సగం మందికి మామూలుగా. ఇంతసేపు చేస్తే చాలు అని కాదు, అనుభవం ఉన్న సర్జన్లు తెచ్చుకున్న స్కోరు అందుకునేదాకా చేయించారు. తర్వాత నిజమైన పిత్తాశయం ఆపరేషన్, లాపరోస్కోపీతో, అంటే చిన్న కన్నాల్లోంచి కెమెరా పెట్టి చేసేది. వీఆర్‌లో నేర్చుకున్న వాళ్ళు 29 శాతం తొందరగా చేశారు, నేర్చుకోని వాళ్ళు పిత్తాశయానికి గాయం చెయ్యడం, పక్క కండని కాల్చడం ఐదు రెట్లు ఎక్కువ. 2004లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతి ఇచ్చే ఎఫ్‌డీఏ మెడ ధమనిలో స్టెంట్ వేసే పరికరానికి అనుమతి ఇచ్చినప్పుడు డాక్టర్ల శిక్షణలో వీఆర్ సిమ్యులేటర్‌ని కూడా భాగంగా ఒప్పుకుంది. ఇరవై ఏళ్ళ కిందటి మాట ఇది.

మా తమ్ముడి విషయానికి దగ్గరగా ఉన్నది ఇంకొకటి ఉంది. షికాగోలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం బృందం మెడకి పైపు వెయ్యడం సిమ్యులేటర్ మీద నేర్పించి, పరీక్ష పెట్టి, పాస్ మార్కు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేయించి, ఆ తర్వాతే ఐసీయూలోకి పంపింది. 2009లో వాళ్ళు చెప్పిన లెక్క ప్రకారం పైపు వల్ల రక్తంలో వచ్చే ఇన్ఫెక్షన్లు వెయ్యి కాథెటర్ రోజులకి, అంటే రోగులందరి ఒంట్లో పైపు ఉన్న రోజులు కలిపి వెయ్యికి, 3.2 నుంచి 0.5కి పడిపోయాయి. అదే బృందం డయాలసిస్ కాథెటర్ మీద కూడా పరీక్ష పెట్టింది. పాత పద్ధతిలో కోర్సు ముగించి బయటికి వెళ్ళబోతున్న కిడ్నీ డాక్టర్లలో ఎక్కువ మంది ఆ పరీక్షలో పాస్ కాలేదు, సిమ్యులేటర్ మీద నేర్చుకున్న మొదటి ఏడాది వాళ్ళు వాళ్ళని దాటిపోయారు. వాళ్ళు వాడింది కళ్ళకి పెట్టుకునే వీఆర్ కాదు, బొమ్మ. అంటే మన గదిలో తాళం వేసి ఉన్నదానిలాంటిదే.

ఇక వీఆర్ అంటే ఏమిటో నేను స్వయంగా చూసింది చెప్తాను. నాకు తెలిసిన ఒక ట్యూటర్ ఆవిడ వాళ్ళ నర్సింగ్ కాలేజీలో కొత్తగా తెప్పించారని పిలిస్తే వెళ్ళాను. కళ్ళకి ఆ పెట్టె తగిలించారు, రెండు చేతుల్లో రెండు కంట్రోలర్లు ఇచ్చారు. చూస్తే లేబర్ రూమ్‌లో ఉన్నాను. నా ఎదురుగా అప్పుడే కాన్పు అయిన మనిషి, కింద రక్తం ఆగడం లేదు. గోడ మీద గడియారం తిరుగుతోంది, మానిటర్‌లో బీపీ పడిపోతోంది. నేను గబగబా గర్భసంచి మీద మసాజ్ మొదలుపెట్టాను, ఆక్సిటోసిన్ ఇచ్చాను, సెలైన్ పెట్టాను, మూత్రాశయం ఖాళీ చేయించాను. నా ప్రాణం నా దగ్గర లేదు, నిజం మనిషి కాదని తెలిసి కూడా చెమట పట్టింది. అయిపోయాక తెర మీద నేను చేసిన పనులన్నీ వరసగా చూపించింది, ఏది ఏ నిమిషంలో చేశానో, ఏది ఆలస్యమైందో. అన్నీ చేశాను కానీ అన్నింటికన్నా ముందు చెయ్యాల్సింది మానేశాను, సాయానికి ఎవరినీ పిలవలేదు. ముప్పై ఏళ్ళ సర్వీస్‌లో ఎన్ని కాన్పులు చూశానో లెక్క లేదు, ఒక్కరు కూడా నాకు ఈ సంగతి చెప్పలేదు, ఎందుకంటే ఆ గొడవలో నన్ను గమనించే తీరిక ఎవరికుంటుంది? రెండోసారి చేశాను, పిలిచాను. మూడోసారి ఇంకా తొందరగా పిలిచాను. ఆ మనిషికి మూడుసార్లూ ఏమీ కాలేదు, ఎవరి తల్లీ పోలేదు. నాకు అప్పుడే అర్థమైంది దీని విలువ ఏంటో.

నేర్పడం ఒక్కటే కాదు, అది లెక్క కూడా రాసిపెడుతుంది. చెయ్యి ఎంత దూరం అనవసరంగా తిరిగింది, ఎన్నిసార్లు తప్పు చోటికి వెళ్ళింది, ఏ మెట్టు దాటేశారు, ఎంత సమయం పట్టింది, ఇవన్నీ. మన దగ్గర మాత్రం చేసిన ప్రొసీజర్లు రాసుకునే లాగ్‌బుక్‌లో సంతకం పడితే పని వచ్చినట్టే. సంతకాలు ఎలా పడతాయో మీకూ తెలుసు నాకూ తెలుసు, ఇంటర్న్‌షిప్ చివరి వారంలో పుస్తకాల కట్ట పట్టుకుని ఒకేసారి యాభై సంతకాలు పెట్టించుకోవడం నేను చూశాను. ఆ సంతకాన్ని నమ్మి ఒక మనిషిని మండసలోనో, సీతంపేటలోనో ఒంటరిగా డ్యూటీలో పెడుతున్నాం.

ఇప్పుడు ఇలా వదిలేస్తే మామూలు జనానికి ఏం జరుగుతోందో వరసగా చెప్తాను.

1. నేర్చుకోవడానికి వాడుకునేది ఎప్పుడూ లేనివాళ్ళ ఒంటినే. డబ్బున్న వాళ్ళు విశాఖలో కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్తారు, అక్కడ పెద్ద డాక్టరే చేస్తాడు. జనరల్ వార్డులో పడుకున్న మనిషికి తెల్లకోటు వేసుకున్న వాళ్ళందరూ పెద్ద డాక్టర్లే, ఈ బాబు మొదటిసారి చేస్తున్నాడు, ఒప్పుకుంటారా అని ఎవరూ అడగరు. అడిగినా కాదనే ధైర్యం వాళ్ళకి ఉండదు. బాబుగారు చేస్తానన్నారు కదా అని చెయ్యి చాపేస్తారు. పాఠం నేర్చుకోవడానికి పేదవాళ్ళు ఒళ్ళు ఇస్తున్నారు, కనీసం ఆ పాఠం సగం అయినా బొమ్మ మీద అయిపోయాక వాళ్ళ దగ్గరికి రండి.

2. డయాలసిస్ వాళ్ళ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఇది మా జిల్లా గాయం. ఫిస్టులా ఉన్న మనిషికి ప్రతి సిట్టింగ్‌కి రెండు లావు సూదులు. వారానికి రెండుసార్లే అనుకున్నా ఏడాదికి 208 సార్లు గుచ్చాలి, మూడుసార్లయితే 312. ఒక్కసారి రక్తనాళం గోడ దాటి గుచ్చితే చెయ్యంతా ఉబ్బిపోతుంది, నల్లబడుతుంది, ఆ సిట్టింగ్ పోతుంది. పదేపదే అలా అయితే ఫిస్టులాయే పోతుంది. పోతే మళ్ళీ మెడకి పైపు, పైపుతో చలి జ్వరం, జ్వరంతో అడ్మిషన్. కవిటి నుంచి, కంచిలి నుంచి ఆటో పెట్టుకుని వచ్చే వాళ్ళు ప్రభుత్వం ఇచ్చే పది వేల పింఛన్‌లో ఎంత కిరాయిలకే పోతోందో చూసుకోండి. పలాసలో 200 పడకల ఆసుపత్రి కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 2023 డిసెంబర్‌లో తెరిచారు, సంతోషం. బిల్డింగ్ వచ్చింది. ఆ బిల్డింగ్‌లో సూది పట్టుకునే చేతికి పరీక్ష ఎప్పుడు వస్తుంది? ఫిస్టులాకి గుచ్చడం నేర్పే రబ్బరు చెయ్యి ఏమంత పెద్ద వస్తువు కాదు, ఉంటే ప్రతి కొత్త టెక్నీషియన్ మొదటి యాభై సూదులు దాని మీదే గుచ్చుతాడు.

3. కాన్పులు. రక్తం ఆగకపోతే ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా రెండు గంటల్లోనే ప్రాణం మీదకి రావొచ్చు. ఏజెన్సీ గూడేల నుంచి ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. అక్కడి నుంచి పీహెచ్‌సీకి, పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆసుపత్రికి, అక్కడ నుంచి శ్రీకాకుళానికి, శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైన ఉన్న విశాఖకి. ప్రతి చోటా రిఫర్ అని రాసే డాక్టర్‌కి చెయ్యి రాదని నేను అనడం లేదు, కానీ ఒక్కసారి కూడా ఎమర్జెన్సీని బొమ్మ మీదైనా ఎదుర్కోని ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పక్కన ఒక్క ఏఎన్ఎం తప్ప ఎవరూ లేకుండా, అర్ధరాత్రి ఆ రక్తం చూస్తే ఏం చేస్తుంది? బండి ఎక్కించేస్తుంది. బండిలో గంటలు పోతాయి.

4. పుట్టగానే ఏడవని బిడ్డకి మొదటి నిమిషమే ముఖ్యం. ఊపిరి అందించే అంబు బ్యాగ్ ఎలా పట్టుకోవాలి, మాస్క్ ఎలా అంటించాలి అనేది పుస్తకం చదివితే రాదు.

5. నేర్చుకునే కుర్ర డాక్టర్లకే దెబ్బ. ఇది ఎవరూ మాట్లాడరు. తప్పు జరిగితే చుట్టాలు కొట్టడానికి వచ్చేది వాళ్ళ మీదకే, ప్రిన్సిపాల్ మీదకి కాదు. ఆ పీజీ కుర్రాడు తర్వాత చాలా రోజులు ప్రొసీజర్ అంటే పక్కకి తప్పుకునేవాడు, చెయ్యి వణుకుతోంది మేడమ్ అనేవాడు. నేర్పకుండా పంపినందుకు వాడి టెన్షన్, వాడి నిద్ర ఎవరు లెక్కపెట్టారు?

6. నమ్మకం పోతుంది. ఒక ఊళ్ళో ఒకరికి ప్రభుత్వాసుపత్రిలో నాలుగుసార్లు గుచ్చారంటే ఆ ఊరంతా ఆర్ఎంపీ దగ్గరే సెలైన్ ఎక్కించుకుంటుంది.

ప్రొఫెసర్లు కొందరు నాతో అన్న మాటలు కూడా ఇక్కడ పెడతాను, వాటికీ జవాబు చెప్పాలి కాబట్టి. మేము బొమ్మలు లేకుండానే నేర్చుకోలేదా అన్నారు ఒకరు. నేర్చుకున్నారు సార్, మీ చెయ్యి బంగారం, నేను మీ పక్కన నిలబడి చూశాను. కానీ మీరు నేర్చుకునేటప్పుడు ఎవరి మెడ ఉబ్బిందో ఎక్కడా రాసి లేదు. ఇంకొకరు వీఆర్ అంతా షో అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. మామూలు కళ్ళపెట్టెలో సూది చర్మం దాటి సిర గోడ దాటినప్పుడు చేతికి తెలిసే ఆ చిన్న తేడా తెలియదు, దానికి స్పర్శని తిరిగి చేతికి పంపే వేరే పరికరం కావాలి, అది ఖరీదు. కొంతమందికి పెట్టె పెట్టుకుంటే తల తిరుగుతుంది. కంపెనీలు సాఫ్ట్‌వేర్‌కి ఏడాది ఏడాదికి డబ్బు అడుగుతాయి, కట్టడం మానేస్తే పెట్టె బొమ్మలా పడి ఉంటుంది. అందుకే నేను అన్నీ వీఆర్ కొనండి అనడం లేదు. చేతి స్పర్శ ముఖ్యమైన చోట రబ్బరు బొమ్మ, మెట్ల వరస, తొందర నిర్ణయం, టీమ్‌గా పనిచెయ్యడం ముఖ్యమైన చోట వీఆర్, లాపరోస్కోపీ, ఎండోస్కోపీ లాంటి వాటికి స్పర్శ తెలిసే పెద్ద సిమ్యులేటర్. ఏది దేనికి పనికొస్తుందో మీకు నాకన్నా బాగా తెలుసు. ఇంకో మాట, ఏ సిమ్యులేటర్ స్కోరునైనా గుడ్డిగా నమ్మకండి. ముందు మన సీనియర్ డాక్టర్ల చేత చేయించండి, కొత్తవాళ్ళ చేత చేయించండి, ఇద్దరికీ ఒకే మార్కు వస్తే ఆ పరీక్ష పనికిరాదు.

డబ్బు లేదు అని మాత్రం అనొద్దు. ఉన్న బొమ్మల కవర్లు ముందు విప్పండి.

రూల్ లేదు అని కూడా అనొద్దు. 2019 బ్యాచ్ నుంచి వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికే ప్రతి మెడికల్ కాలేజీకి స్కిల్స్ ల్యాబ్ ఉండాలంది, ఏ ప్రొసీజర్‌ని స్వయంగా చెయ్యాలో, దేన్ని సిమ్యులేషన్‌లో చూపించవచ్చో జాబితా ఇచ్చింది. శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2008లో వచ్చింది, విజయనగరంలో 2023లో 150 సీట్లతో మొదలైంది. విజయనగరంలో ఆ మొదటి బ్యాచ్ పిల్లలు 2028లో హౌస్ సర్జన్లు అవుతారు. అంటే ఆ 150 మంది చేతులు రోగుల మీద పడకముందే ఈ పని చెయ్యడానికి మీకు ఇంకా సమయం ఉంది. రెండు జిల్లాల్లో ఇంకా ఎన్నో నర్సింగ్ కాలేజీలు ఉన్నాయి, వాళ్ళనీ మర్చిపోకండి, రాత్రి పూట వార్డులో ఉండేది వాళ్ళే.

కాబట్టి మేము కోరేవి ఇవి.

మొదటిది తాళం. బోధనాసుపత్రుల్లో ఉన్న స్కిల్స్ ల్యాబ్ రోజూ తెరిచి ఉండాలి, సాయంత్రం డ్యూటీ అయ్యాక రాత్రి తొమ్మిది దాకా, ఆదివారం కూడా. పిల్లలకి తీరిక దొరికేది అప్పుడే. దానికి వేరే మనిషిని వెయ్యండి, స్టోర్ కీపర్ చేతిలో పెట్టకండి. ఎవరు వచ్చారు, ఏం చేశారు అని నెలనెలా లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి, రోగుల బంధువులకు కూడా కనపడేలా.

రెండోది గడప లాంటి పరీక్ష. అన్ని ప్రొసీజర్లకీ ఒకేసారి సాధ్యం కాదని తెలుసు, ఎనిమిదితో మొదలుపెట్టండి. సెలైన్ సూది, యూరిన్ పైపు, కుట్లు, కాన్పు, కాన్పు తర్వాత రక్తస్రావం, బిడ్డకి ఊపిరి, గొంతులో ట్యూబ్, మెడకి పైపు. ఒక్కొక్కదానికి చెక్‌లిస్టు, ఒక్కొక్కదానికి పాస్ మార్కు. ఫెయిలైతే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మళ్ళీ చెయ్యనివ్వండి, కానీ పాస్ కాకుండా రోగి దగ్గరికి వద్దు. పాసైన కాగితం ఎవరి సంతకంతోనూ కాదు, పరీక్ష తేదీతో, స్కోరుతో ఉండాలి. విశ్వవిద్యాలయం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు, ఇది జరిగిపోతుంది.

మూడోది, ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న డయాలసిస్ టెక్నీషియన్లకు, పీహెచ్‌సీ డాక్టర్లకు, ఏఎన్ఎంలకు ఏడాదికి ఒకసారి తిరిగి శిక్షణ. వాళ్ళు శ్రీకాకుళం రాలేరు, డ్యూటీ ఎవరు చూస్తారు? కాబట్టి సామానే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. వీఆర్ పెట్టెలు నాలుగు, రబ్బరు చేతులు, కాన్పు బొమ్మ ఒక వ్యాన్‌లో పెట్టుకుని పలాస, టెక్కలి, పాతపట్నం, రాజాం, బొబ్బిలి, ఎస్.కోట, నెలకి ఒక్కొక్క చోట రెండు రోజులు ఉంటే సరిపోతుంది. ఇంత కన్నా వీఆర్‌కి మంచి ఉపయోగం నాకు తోచలేదు, పెద్ద గది అక్కర్లేదు, ఒక కుర్చీ, ఒక ప్లగ్ పాయింట్ చాలు.

నాలుగోది, తెలుగులో ఉండాలి. నేను చూసిన దాంట్లో రోగి ఇంగ్లీషులో అరుస్తోంది. మా దగ్గర కాన్పుకి వచ్చే మనిషి "ఓలమ్మో, నొప్పెట్టేత్తంది" అంటుంది, గిరిజనుల సవర భాష మాట్లాడే మనిషి ఇంకోలా అంటుంది. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది, విశాఖ స్టీల్‌ప్లాంట్ దగ్గర వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది. డాక్టర్లని, నర్సులని, ఆ ఇంజినీరింగ్ పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టండి. మన పీహెచ్‌సీ లేబర్ రూమ్ ఎలా ఉంటుందో అలాగే, కరెంటు పోయేది కూడా పెట్టి, ప్రోగ్రామ్ రాయించండి. ప్రతి ఏడాదీ బయటి కంపెనీకి కట్టే డబ్బు కొంతైనా మిగులుతుంది.

ఐదోది, రోగికి చెప్పడం. ఈ డాక్టర్ నేర్చుకుంటున్నారు, సిమ్యులేటర్ పరీక్ష పాసయ్యారు, పక్కన సీనియర్ ఉంటారు, మీకు ఇష్టమేనా అని తెలుగులో అడగండి. కాదంటే వైద్యం ఆగదని కూడా చెప్పండి.

చివరిది నా అర్జీల సంగతి. పరిష్కరించబడింది అని రాసిన ఆ ఫైలు మళ్ళీ తెరిచి, నిజంగా ఏం చేశారో కాగితం మీద, తేదీతో జవాబు ఇవ్వండి. ఏమీ చెయ్యకపోతే ఏమీ చెయ్యలేదనే రాయండి.

ఈ ఉత్తరం చదివిన డాక్టర్లు, నర్సులు, మీ ఆసుపత్రిలో ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉందో రేపు పొద్దున్నే కనుక్కోండి. రోగుల బంధువులు, ఎవరినీ తిట్టకుండా, కొట్టకుండా, బాబూ, దీని మీద ముందు ప్రాక్టీస్ చేశారా అని ఒక్క ప్రశ్న అడగండి. అడిగే హక్కు మీకు ఉంది.

ఆ గది తెరిచిన రోజు నాకు కబురు పెట్టండి. ఫిస్టులాకి సూది ఎలా గుచ్చాలో కొత్త పిల్లలకి నేర్పడానికి వారానికి రెండు రోజులు వస్తాను. జీతం అక్కర్లేదు, సోంపేట నుంచి బస్సు ఛార్జీ నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
సోంపేట ప్రాంతం, శ్రీకాకుళం జిల్లా